గండికోట ముట్టడిలో ఒక మంత్రగత్తె: మన సీమ కథకు ఇది అతకదా?

పెన్నాఒడ్డు
ఆరు నెలలుగా ఒక పెద్దకథ రాస్తున్నాను. 1650, గండికోట. మీర్ జుమ్లా గోల్కొండ సైన్యంతో వచ్చి కోటను చుట్టుముట్టిన రోజులు. నా కథలో ముఖ్యమైన మనిషి కోటను ఏలే పెమ్మసాని రాజు కాదు, సేనాపతీ కాదు. కోటలో కాన్పులు చేసే ఒక మంత్రసాని. ఆమెకు కొంచెం మంత్రం కూడా తెలుసు, ముట్టడి ముదిరేకొద్దీ అందరి కళ్ళూ ఆమె మీద పడతాయి. మొదటి అధ్యాయం పోయిన నెల ఇక్కడే పెట్టినాను, కొందరు చదివినారు.

పోయిన ఆదివారం కడపలో మా చదువరుల గుంపులో చదివి వినిపించినాను. ఎనిమిది మందిమి. ఒక పెద్దాయన మధ్యలోనే ఆపి, "మంత్రగత్తెలు, యుద్ధాలు ఇవన్నీ తెల్లోళ్ళ సరుకమ్మా, సీమ కథ అంటే కరువు రాయి, ఫ్యాక్షన్ రాయి" అన్నాడు. దానికి నాకు కోపం వచ్చింది. ఇంకొకామె ఏమన్నదంటే, "పల్లెల్లో ఇప్పటికీ చేతబడి చేసిందని ఆడోళ్ళను కొడుతుంటే నువ్వు మంత్రం నిజమని రాస్తావా?" అని. దానికి కోపం రాలేదు, రాత్రంతా నిద్ర పట్టలేదు.

చరిత్రలోకి మంత్రాన్ని తెచ్చే కథలు చదివేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా. యుద్ధం, మంత్రగత్తె, మన నేల. ఈ మూడూ కలుస్తాయా, లేక నేను బలవంతంగా కుడుతున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
తెల్లోళ్ళ సరుకు ఎట్లా అవుతుంది? ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలక గొంతులో ప్రాణం దాచుకున్న మాంత్రికుని కథ చెప్పకుండా మా అవ్వ ఒక్క రోజు కూడా నన్ను పండబెట్టలేదు. రాయండి మీరు.

అనంత_ఆకాశం
ఆ పెద్దాయన మాటకు నాకూ మండింది. సీమవాళ్ళు కత్తి పట్టుకుంటేనే కథా? కరువు గురించి రాయొద్దని కాదు, అదొక్కటే రాయమనడం ఏంది?

కందనవోలు_1953
పెన్నాఒడ్డు గారూ, మీరు బలవంతంగా కుట్టాల్సిన పనే లేదు, ఆ మూడూ గండికోటలోనే కలిసి ఉన్నాయి. టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి పేరు వినే ఉంటారు. 1652లో, అంటే కోట పడిపోయిన రెండేళ్ళకు, మీర్ జుమ్లాకు ముత్యాలు అమ్ముకునేదానికి గండికోటకే వచ్చినాడు. అక్కడ విన్నదీ చూసిందీ రాసి పెట్టినాడు.

మీర్ జుమ్లాకు ఫిరంగులు కావాల్సి వచ్చినాయి. ఇరవై పోయించాలని చుట్టుపక్కల గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ పోగు చేయించినాడు. పోత పోసే పని మైయే అనే ఫ్రెంచివానికి అప్పగించినాడు. తెచ్చిన విగ్రహాలన్నీ కరిగినాయి గానీ గండికోట గుడిలోని ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా, ఎంత ఖర్చు చేసినా కరగలేదంట. అప్పుడు మీర్ జుమ్లా గుడి పూజారులను పట్టుకుని, మీరే ఈ విగ్రహాలకు ఏదో మంత్రం పెట్టినారని బెదిరించినాడు. ఆఖరికి ఆ మైయే ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా పోయలేకపోయినాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలోనే నిలిచిపోయింది, చివరికి కొలువే వదిలేసి పోయినాడు.

లోహం ఎందుకు కరగలేదంటే సవాలక్ష కారణాలు చెప్పొచ్చు, పోతగాని చేతకానితనమే అయ్యుండొచ్చు. కానీ యుద్ధం చేసే మనిషి తన పని చెడినప్పుడు "మంత్రం పెట్టినారు" అని ఎదుటివాళ్ళ మీద పడడం మన కడప జిల్లాలోనే, కాగితం మీద ఉంది. మీ పెద్దాయనకు ఇది చెప్పండి.

పెన్నాఒడ్డు
ఒళ్ళు జలదరించింది సార్. జమ్మలమడుగులో పుట్టి, ఇరవైసార్లు ఆ కోట ఎక్కి, ఈ సంగతి నాకు తెలీదు. నా కథ కోట పడిపోవడంతో ముగుస్తుంది అనుకున్నాను. ఇప్పుడు అక్కడ మొదలవ్వాలేమో అనిపిస్తోంది.

శెనిక్కాయ_చేను
ఆ విగ్రహాలు ఏమైనాయో? అదే నీ రెండో భాగం అక్కా.

రాత్రి_పైలట్
యుద్ధం, మంత్రగత్తె అనగానే నాకు గుర్తొచ్చేది రష్యా ఆడపిల్లలు. రెండో ప్రపంచ యుద్ధంలో 588వ రాత్రి బాంబర్ రెజిమెంటు. మరీనా రాస్కోవా పూనుకుని పెట్టించిన ఆడవాళ్ళ దళాల్లో ఒకటి. 1942 నుంచి యుద్ధం అయిపోయేదాకా 23,000 సార్లకు పైగా ఎగిరినారు. వాళ్ళకిచ్చిన విమానం పో-2, చెక్క, గుడ్డతో కట్టింది, అసలు ట్రైనింగుకూ పొలాలకు మందు చల్లేదానికీ వాడేది. పైన కప్పు లేదు, చాలాకాలం పారాచూట్ కూడా లేదు. లక్ష్యం దగ్గరికి రాగానే ఇంజన్ శబ్దం తగ్గించేసి గాలిలో జారుకుంటా వచ్చి బాంబులు వేసేవాళ్ళు. కింద జర్మన్లకు రెక్కల మీద గాలి సుయ్యిమనే చప్పుడు ఒక్కటే వినపడేది. అది చీపురుకట్ట మీద మంత్రగత్తె పోతున్న చప్పుడులా ఉందని "రాత్రి మంత్రగత్తెలు" అని పేరు పెట్టినారు. శత్రువు భయంతో పెట్టిన పేరును వాళ్ళు బిరుదులాగా పెట్టుకున్నారు.

నా లెక్కలో ఆ పదం అంత చెడ్డది కాదు. ధైర్యంగా వాడండి.

జొన్నరొట్టె
రాత్రి_పైలట్ తమ్ముడూ, వాళ్ళ చేతిలో విమానం ఉంది, బాంబు ఉంది, వెనక ఒక దేశం ఉంది. ఆ పేరు వాళ్ళను ఏమీ చేయలేదు. ఏమీ లేనిదాని మీద ఆ పేరు పడితే ఎట్లుంటుందో మా ఇంట్లో జరిగింది చెప్తా. ఎప్పుడూ బయట చెప్పింది కాదు.

మాది పత్తికొండ పక్క పల్లె. మా జేజి వాళ్ళ పెద్దమ్మ. ఆమె మొగుడు అదే రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళంలో చేరి బర్మా దిక్కు పోయినాడు. నెలనెలా ఆయన జీతంలో కొంత మనియార్డరు వచ్చేది. ఊర్లో అప్పుడు గుడ్డకు కరువు, కిరసనాయిలుకు కరువు, ఎవరి చేతిలోనూ రూపాయి ఆడదు. ఈమె ఒక్కదానికే పోస్టుమ్యాన్ వస్తాడు. మొదట అసూయతోనే మొదలైందంటుంది మా జేజి. తర్వాత ఎద్దులకు రోగం వచ్చింది. ఆ తర్వాత మనియార్డర్లు ఆగిపోయినాయి, మనిషీ తిరిగి రాలేదు. మొగుణ్ణి తినింది, ఎద్దులను తినింది అన్నారు. బావి దగ్గర చేద ఇయ్యలేదు, వంకలో చెలమ తోడుకుని నీళ్ళు తెచ్చుకునేది.

మంగళవారం మంగళవారం ఆమె గడప ముందర కుంకుమ అద్దిన నిమ్మకాయ కోసి పారేసి పోయేవాళ్ళు. ఇంట్లో చిన్న పిల్లలు, చెల్లెలి పిల్లలతో కలిపి నలుగురు. ఆమె ఏం చేసేదంటే, ఆ నిమ్మకాయలు ఏరుకుని, కుంకుమ పోయేదాకా కడిగి, మజ్జిగలో పిండి పిల్లలకు పోసేది. కొనేదానికి డబ్బు లేదు మరి. అది ఎవరో చూసినారు. "చూడండి, దిష్టి తీసిన నిమ్మకాయ తాగినా ఏమీ కాలేదు, మంత్రగత్తె కాకపోతే ఎట్లా?" అన్నారు. అంతే, ఆ రాత్రే పిల్లలను తీసుకుని ఆదోనికి పోయింది. జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరి బతికింది.

మా జేజి ఆ మజ్జిగ తాగిన పిల్లల్లో ఒకతె. ఇప్పుడు 88 ఏండ్లు.

అందుకే ఆ చదువరుల గుంపులో రెండో ఆమె అడిగింది సరైన ప్రశ్న అంటాను. మీ కథలో మంత్రం నిజమైతే, మా ఊరివాళ్ళు అన్నమాటా నిజమే అయినట్టు కదా?

ఉగ్గాని_బజ్జి
నిమ్మకాయ దగ్గర చదవడం ఆపి కాసేపు బయటికి పోయి వచ్చినా.

అనంత_ఆకాశం
జొన్నరొట్టె అక్కా, చెప్పినందుకు దండం.

గుత్తికోట_సుబ్బు
జొన్నరొట్టె గారి ఇంట్లో జరిగిందే చరిత్ర నిండా ఉంది. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతుండగా మాథ్యూ హాప్కిన్స్ అనేవాడు మంత్రగత్తెలను పట్టించే పనే వృత్తిగా పెట్టుకున్నాడు. 1645 నుంచి రెండేళ్ళలో వందమందికి పైగా ఉరికి కారణమైనాడు. ఒక్క బరీ సెయింట్ ఎడ్మండ్స్ ఊరిలోనే ఒకే రోజు 18 మంది. మామూలుగా ఊరూరా తిరిగే జడ్జీలు యుద్ధం వల్ల సరిగ్గా రాలేని కాలమది. అమెరికాలో 1692లో సేలం ఊరి గొడవ అందరికీ తెలిసిందే, 19 మందిని ఉరి తీసినారు. అక్కడ నేరం మోపిన అమ్మాయిల్లో కొందరు సరిహద్దు యుద్ధంలో ఇల్లూ అమ్మానాయనా పోగొట్టుకుని వచ్చినవాళ్ళే. మన దేశంలోనే 1857 తిరుగుబాటప్పుడు ఛోటానాగపూర్ దిక్కు కంపెనీ అధికారం కూలినచోట డాయన్, అంటే మంత్రగత్తె, అని ఆడవాళ్ళను చంపడం పెరిగింది.

యుద్ధం మంత్రగత్తెలను పుట్టించదు, వేలెత్తి చూపించేవాళ్ళను పుట్టిస్తుంది. నా మట్టుకు మంత్రశక్తితో యుద్ధం గెలిచే కథల కన్నా అనుమానం మీద నడిచే కథే బాగుంటుంది.

కందనవోలు_1953
సుబ్బూ, అంతా యుద్ధం ఖాతాలో రాయొద్దు. జర్మనీలో ముప్పై ఏండ్ల యుద్ధం నడుస్తున్నప్పుడు బాంబెర్గ్, వుర్జ్‌బర్గ్ లలో వందలమందిని కాల్చినారు, నిజమే. కానీ అక్కడ నిప్పు రాజేసింది 1626 మే నెలలో పడిన మంచు. ఎండాకాలం మొదట్లో గడ్డకట్టి ద్రాక్షతోటలు, పైర్లు నల్లబడిపోయినాయి. ఇది మంత్రగత్తెల పనే, పట్టుకోండని జనమే అధికారుల మీద పడినారు. పంట పోవడం అంటే ఏందో మనకు ఒకరు చెప్పాలనా? కరువు రాయమన్న పెద్దాయన మాట ఒక్క రకంగా సరైనదే, ఈ కథలోనూ కరువు ఉండాలి. ముట్టడి అంటేనే మనుషులు తెచ్చిన కరువు.

గుత్తికోట_సుబ్బు
ఒప్పుకున్నా. మంచు సంగతి నాకు తట్టలేదు.

పుస్తకాల_అక్క
ఇంకొకటి కూడా చూడండి. 1941 నవంబరులో బర్హమ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మునిగి 800 మందికి పైగా పోయినారు. ప్రభుత్వం ఆ సంగతి కొన్ని వారాలు దాచిపెట్టింది. ఆ రోజుల్లోనే హెలెన్ డంకన్ అనే ఆమె, మన సోదెమ్మల మాదిరి చనిపోయినవాళ్ళను పలికించే మనిషి, ఆ నౌకలో చనిపోయిన నావికుణ్ణి రప్పించినానంది. 1944లో ఆమెను పట్టుకుని 1735 నాటి మంత్రగత్తెల చట్టం కింద తొమ్మిది నెలల జైలు శిక్ష వేసినారు. ఆమె మోసం అంతకుముందే ఒకసారి పట్టుబడింది, అది వేరే సంగతి. ఆ చట్టం కూడా మంత్రం నిజమని ఒప్పుకునేది కాదు, మంత్రం ఉందని నటించేవాళ్ళను శిక్షించేది. 1951లో రద్దయింది.

నాకు ఇందులో పట్టుకున్నది ఏందంటే, కొడుకు బతికున్నాడో లేడో ప్రభుత్వం చెప్పదు. అప్పుడు తల్లులు ఎవరి దగ్గరికి పోతారు? జొన్నరొట్టె పెద్దమ్మకు కూడా బర్మా నుంచి కబురు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కదా. గండికోట గోడ అవతల ఎవరు చచ్చినారో లోపలివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? మీ మంత్రసాని దగ్గరికి ఆడవాళ్ళు మొదట వచ్చేది దానికోసమే అయ్యుంటుంది.

పెన్నాఒడ్డు
అక్కా, ఈ ఒక్క మాటతో నాకు మూడో అధ్యాయం దొరికింది.

హంద్రీ_గట్టు
పదం సంగతి తేల్చండి ముందు. మంత్రగత్తె అంటే చందమామ కథల వాసన వస్తుంది. బాణామతి తెలంగాణ మాట, చిల్లంగి కోస్తా మాట. మా దిక్కు చేతబడి అంటారు, చేసినామెకు విడిగా పేరేం ఉండదు, "ఆయమ్మకు వచ్చు" అంటారంతే. గొంతు తగ్గించి.

పుస్తకాల_అక్క
"ఆయమ్మకు వచ్చు"! అదే పేరుగా వాడుకోవచ్చు. ఇంకా అమ్మవారు పూనే గణాచారి ఉంది, సోదెమ్మ ఉంది. అన్నిటికన్నా మంత్రసాని ఉంది. కాన్పు చేసే మనిషి పేరులోనే మంత్రం పెట్టుకున్న భాష మనది. నా సలహా, ఒక్క పదానికి కట్టుబడొద్దు. నొప్పులు పడే ఆడది ఆమెను మంత్రసాని అంటుంది. కొడుకు కోసం ఏడ్చే తల్లి సోదెమ్మ అంటుంది. ఫిరంగి పగిలిన రోజు సిపాయి మంత్రగత్తె అంటాడు. మనిషి మారలేదు, పిలిచేవాళ్ళ అవసరం మారింది.

రాత్రి_పైలట్
ఇది బాగుంది. నేను పైన అన్నది వెనక్కి తీసుకుంటున్నా జొన్నరొట్టె అక్కా. పేరు ఎవరు పెడుతున్నారన్నది చూడకుండా మాట్లాడినా.

శెనిక్కాయ_చేను
ఇంత గంభీరంగా నడుస్తుంటే మధ్యలో అడ్డం వస్తున్నా, మొదటి అధ్యాయంలో కాపలావాళ్ళు బుడ్డలు వేయించుకుని తింటుంటారు. 1650లో మనకు బుడ్డలు ఎక్కడివి? నా పేరే శెనిక్కాయ, నా మాట నమ్మండి. సీమలో ఈ పంట ఇంతగా పరుచుకున్నది చాలా తర్వాత.

ఉగ్గాని_బజ్జి
వాటిని బుడ్డలు అనాలా శెనిక్కాయలు అనాలా అనేదానికి వేరే చర్చ పెట్టుకోండి, ఇక్కడ మొదలైతే తెల్లారుతుంది.

హంద్రీ_గట్టు
బుడ్డలే. అయిపోయింది చర్చ.

పెన్నాఒడ్డు
తీసేస్తా. కొర్రలు, జొన్నలు, ఉలవలు పెడతా. ముట్టడి చివర్లో గుర్రాల ఉలవలు మనుషులు ఉడకబెట్టుకుంటారు.

కందనవోలు_1953
కోట లోపల పెద్ద ధాన్యాగారం ఇప్పటికీ నిలబడి ఉంది, పోయినప్పుడు లోపలికి పోయి కప్పు చూడండి. అది ఖాళీ అయ్యే లెక్కే మీ కథకు గడియారం. ఎర్రకోనేరు మరిచిపోవద్దు, కత్తులు కడిగి నీళ్ళు ఎర్రబడినాయని చెప్పుకుంటారు కదా. ఇంకొక పని చేయండి, కడపలోనే ఉన్నారు కాబట్టి సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోయి కంపెనీ కాలంలో మెకంజీ దొర రాయించిన ఊర్ల చరిత్రలు, కైఫియతులు తిరగేయండి. ఊరూరి కరణాలు చెప్పిన సంగతులు, ఏ దేవత ఎందుకు వెలిసింది, ఎవరు ఏ మాన్యం ఇచ్చినారు, ఏ ఊరు ఎందుకు పాడుపడింది, అన్నీ అప్పటి మాటల్లో. మీ పాత్రలు ఎట్లా మాట్లాడాలో అక్కడ దొరుకుతుంది.

గుత్తికోట_సుబ్బు
అన్నీ బాగున్నాయి గానీ జొన్నరొట్టె అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మంత్రం నిజమా కాదా?

హంద్రీ_గట్టు
నిజం కాకపోతే అది మామూలు చారిత్రక కథ. మంత్రం ఉండాల్సిందే.

జొన్నరొట్టె
అదే నాకు మింగుడు పడనిది. ఇంకొక సంగతి చెప్తా. చేతబడి అని పట్టుకున్నోళ్ళకు ముందు పళ్ళు రాలగొడతారు. ఎందుకో తెలుసా? పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని. పేపర్లో అట్లాంటి వార్త వచ్చినప్పుడల్లా మా జేజి చెయ్యి ఆమె నోటి మీదికి పోతుంది. కథ కోసం ఎవరో మంత్రం నిజం చేస్తారు, చదివినోడు ఆ పళ్ళు రాలగొట్టడం కూడా న్యాయమే అనుకుంటాడు.

పుస్తకాల_అక్క
జొన్నరొట్టె, నీ భయం ఊరికే వచ్చింది కాదు. బీహారులో దీనికోసమే 1999లో విడిగా చట్టం తేవాల్సి వచ్చింది. అయినా రాయొద్దని మాత్రం నేను అనలేను. మనం రాయకపోతే ఆ కథను మొదటినుంచీ చెప్తున్నది ఎవరు? నిమ్మకాయ పారేసినవాళ్ళే కదా.

పెన్నాఒడ్డు
రెండు రోజులు ఆలోచించినాను. ఇట్లా అనుకుంటున్నా, తప్పైతే చెప్పండి.

ఆమెకు శక్తి ఉంది. కానీ వాళ్ళు మోపే నేరానికీ ఆ శక్తికీ సంబంధం లేదు. వాళ్ళు అది నోట్లో ఉందనుకుంటారు, మంత్రం పలికి ఫిరంగి పగలగొట్టిందంటారు, జొన్నరొట్టె గారు చెప్పినట్టే పళ్ళు రాలగొడతారు. అసలు ఆమె శక్తి చేతుల్లో ఉంది. కడుపులో అడ్డం తిరిగిన బిడ్డను తిప్పే చేతులు. ఆమె తాకితే ప్రాణం ఉన్నది ఏదో, లేనిది ఏదో తెలుస్తుంది, అంతవరకే. కోట పడిపోయినాక విగ్రహాలను బట్టీకి మోసుకుపోతుంటే, దారిలో ఆరింటిని మాత్రం తాకుతుంది. ఎందుకు కరగలేదో నేను చెప్పను. తాకినప్పుడు ఆమెకు ఏం తెలిసిందో అది మాత్రం రాస్తాను.

జొన్నరొట్టె గారూ, నిమ్మకాయ నాకిస్తారా? మీ ఊరి పేరు గానీ, మనిషి పేరు గానీ రాదు. ముట్టడి నాలుగో నెల, కోటలో తిండి లేదు, అయినా ఎవరో ఆమె గడప ముందర కుంకుమ నిమ్మకాయ పారేస్తారు. ఆమె కడిగి బాలింతకు పిండి ఇస్తుంది. మీరు వద్దంటే తీసేస్తా, కథ ఆగదు.

రాత్రి_పైలట్
చేతులు! రాయండి తొందరగా.

హంద్రీ_గట్టు
నాకింకా ఫిరంగి ఆమే పగలగొట్టి ఉంటే బాగుండు అనిపిస్తోంది. సరే, మీ కథ.

జొన్నరొట్టె
నేను ఒక్కదాన్నే చెప్పలేను, జేజిని అడిగి చెప్తా.

జొన్నరొట్టె
నిన్న రాత్రి నీ పోస్టు మొత్తం చదివి వినిపించినా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పళ్ళ దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత, రాసుకోమను ఆ పాపను అనింది. రెండు తప్పులు కూడా చెప్పింది. నిమ్మకాయ పారేసేది మంగళవారం కాదంట, అమావాస్య నాడంట, నేనే తప్పు చెప్పినాను. ఇంకొకటి, కుంకుమ ఊరికే నీళ్ళకు పోదంట, పెద్దమ్మ బూడిదతో రుద్ది కడిగేదంట. అది మార్చుకో.